చెరువుకట్టయు దశబంధమును

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపుర సీమకు చెరువే ఆధారము. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో బుక్కరాయసముద్రము కట్టించెనని ప్రసిద్ధి. అయినను కట్టించుటతో పని తీరదు. పొరుగున కడప మండలమందలి పోరుమామిళ్ల తటాకమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు చెప్పు 1369 నాటి శాసనమే, కట్టనుండి నీరూరుటను చెరువు దోషములలో నొకటిగా నెంచినది.

ఆ దోషము పెరిగి గండి కాకుండుటకే పూర్వులు దశబంధము నేర్పరచిరి. చెరువు కట్టినవానికిని బాగుచేయువానికిని దానిక్రింది భూమిలోనో ఫలములోనో భాగమిచ్చి, మరమ్మతు భారము వానిపై నుంచిరి. రైతులు తామే కట్టపై మన్ను పోసి, జారిన రాళ్లు పేర్చి, కాలువల పూడిక తీయు పనికి కుడిమరామత్తని పేరు. ఈ వాడుకచాకిరిని 1858 నాటి మద్రాసు చట్టము నిర్బంధము చేసెను.

గండికి ప్రాణమర్పించిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా రచించిరి. వేసవియెండలో గంపెడు మన్ను మోసి, గండియే పడకుండ కాచినవారికి కావ్యమును లేదు, శాసనమున పేరును లేదు. ఆనాటి చెరువులలో నేటికిని నీరు నిలుచుచున్నదన్న, అది వారి పాటు ఫలమే.