లోటు ఎవరి ఖాతాలో రాయాలి?

మొన్న పార్కులో నడుస్తుంటే ఒక మిత్రుడు టీవీలో చూసిన మ్యూనిక్ విమాన ప్రమాదం సంగతి ఎత్తారు. "రెండుసార్లు లేవబోయి ఆగిపోయిందటండీ. అది సంకేతం కాదూ? మూడోసారి ఎందుకు ప్రయత్నించాలి? మూడు అచ్చిరాదని పెద్దలు ఊరికే అన్నారా?" అన్నారు.

నేను బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి. విమానాలు నా విద్య కాదు. అయినా ఈ ప్రమాదం గురించి చాలాకాలంగా చదువుతున్నాను. నా దృష్టిలో ఇది సంకేతాల కథ కాదు, లెక్కల కథ. ఒక లోటును తప్పుడు ఖాతాలో రాసి, దాన్ని దిద్దడానికి పదకొండేళ్ళు తీసుకున్న కథ.

ముందు జరిగింది చూద్దాం. 1958 ఫిబ్రవరి 6. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు బెల్‌గ్రేడ్‌లో ఆట ముగించుకుని ఇంటికి బయల్దేరింది. వాళ్ళెక్కిన ఆంబాసిడర్ విమానం పెట్రోలు కోసం మ్యూనిక్‌లో ఆగింది. మంచు పడుతోంది. రెండుసార్లు పరుగు మొదలుపెట్టి ఆపేశారు. ఎడమ ఇంజను ప్రెషర్ నిలకడగా లేకపోవడమే దానికి కారణం. ఏ అపశకునమూ లేదు. మూడోసారి వేగం 117 నాట్లకు, అంటే గంటకు దాదాపు 217 కిలోమీటర్లకు చేరింది. ఆ విమానానికి ఆ రోజు అదే నిర్ణయ వేగం. అది దాటాక మిగిలిన రన్‌వేలో ఆగడానికి చోటుండదు, లేవక తప్పదు. సురక్షితంగా పైకెక్కడానికి 119 కావాలి. ఇంకా రెండే నాట్లు!

కానీ సూది పైకి వెళ్ళలేదు. 112కి పడింది, తర్వాత 105కి. విమానం కంచె తెంచుకుని వెళ్ళి ఒక ఇంటిని ఢీకొంది. అందులో ఉన్న 44 మందిలో 23 మంది మరణించారు.

ఇంజన్లు పూర్తి శక్తితో తిరుగుతుండగా నేలమీద పరుగెత్తే విమానం వేగం ఎందుకు తగ్గుతుంది? ఇదీ అసలు ప్రశ్న.

రన్‌వే మీద కరిగీ కరగని మంచు ఉంది. ఇంగ్లీషులో స్లష్ అంటారు. తడిపిన ఇసుకలా ఉంటుంది, బరువు నీటికంటే కొంచెమే తక్కువ. చక్రం దాన్ని పక్కకు నెట్టుకుంటూ పోవాలి. వేగం రెట్టింపైతే ఒక సెకనులో చక్రానికి అడ్డొచ్చే స్లష్ రెట్టింపవుతుంది. దాన్ని చిమ్మాల్సిన వేగమూ రెట్టింపవుతుంది. అంటే నిరోధం నాలుగింతలు. 60 నాట్ల దగ్గర ఒక వంతు ఉన్న అడ్డు 120 దగ్గర నాలుగు వంతులు. లోతు పెరిగితే అది వేరే. ఇక ప్రొపెల్లర్ లాగే బలమా, వేగం పెరిగేకొద్దీ తగ్గుతూ వస్తుంది. మా భాషలో చెప్పాలంటే ఆదాయం తగ్గుతోంది, ఖర్చు వర్గంగా పెరుగుతోంది. ఒకచోట మిగులు సున్నా అవుతుంది. ఆ తర్వాత లోటే. రన్‌వే చివరి భాగంలో అంతకుముందు విమానాలు తొక్కని స్లష్ ఉంది. లోటు సరిగ్గా అక్కడే మొదలైంది.

కానీ 1959లో జర్మన్ విచారణ సంఘం ఇలా చూడలేదు. రెక్కల మీద మంచు పేరుకుందని, పైలట్ దాన్ని తొలగించలేదని తేల్చింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రెక్కల బాధ్యత పైలట్‌ది. రన్‌వే బాధ్యత విమానాశ్రయానిది. ఏ కారణం ఎంచుకుంటామన్నదాన్ని బట్టి లోటు ఎవరి ఖాతాలో పడుతుందో తేలిపోతుంది.

వాళ్ళ సాక్ష్యం ఏమిటి? రెక్కలను పరీక్షించింది ప్రమాదం జరిగిన కొన్ని గంటల తర్వాత, రాత్రివేళ. అప్పటికి శిథిలాల మీద కొత్త మంచు కురిసి ఉంది! ప్రమాదానికి ముందు తీసిన ఒక ఫోటోలో రెక్కలు తెల్లగా కనిపించాయి. అసలు నెగటివ్‌ను పరీక్షిస్తే అది మంచు కాదు, వెలుతురు మెరుపు.

కెప్టెన్ జేమ్స్ థెయిన్ ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ రోజు విమానం నడిపిన తోటి పైలట్ కెనెత్ రేమెంట్ ఆస్పత్రిలో చనిపోయాడు. 1960లో ఎడ్గర్ ఫే అనే న్యాయవాది అధ్యక్షతన బ్రిటన్‌లో కూర్చున్న కమిషన్ కూడా థెయిన్ రెక్కలను తగినంత పరిశీలించలేదనే చెప్పింది. ఆ ఏడాది చివర అతని ఉద్యోగం పోయింది. కోళ్ళఫారం చూసుకుంటూ, కాగితాలూ లెక్కలూ పోగేస్తూ పోరాడాడు.

ఈలోగా వాదన ప్రయోగశాలకు చేరింది. 1961లో అమెరికాలో కన్వెయిర్ 880 జెట్‌ను స్లష్ మీద పరుగెత్తించి చూశారు. బ్రిటన్‌లో ఆంబాసిడర్ విమానంతోనే పరీక్షలు చేశారు. స్లష్ అడ్డు ఊహ కాదని, కొలవగల బలమని తేలింది. అయినా జర్మన్లు 1965లో విచారణ మళ్ళీ తెరిచి, స్లష్ ప్రభావాన్ని కొంత ఒప్పుకుంటూనే, ముఖ్య కారణం రెక్కల మంచేనన్నారు. బ్రిటన్‌లో మళ్ళీ ఫే అధ్యక్షతనే కూర్చున్న కమిషన్ 1969లో స్లషే కారణమని, థెయిన్‌ది తప్పు కాదని ప్రకటించింది. తొమ్మిదేళ్ళ కింద వేలు చూపిన మనిషే కొత్త సాక్ష్యం ముందుకొచ్చాక మాట మార్చుకున్నాడు. హేతువాదులం కాబట్టి ఆయనకు ఒక నమస్కారం పెట్టాల్సిందే. థెయిన్‌కు మాత్రం పాత ఉద్యోగం తిరిగి రాలేదు. 1975లో గుండెపోటుతో చనిపోయాడు.

నాకు ఈ కథ ఎందుకు గుచ్చుకుంటుందో చెప్పాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక డిపోలో 12,000 లీటర్ల పెట్రోలు లెక్కలో సుమారు 110 లీటర్ల తరుగు వచ్చింది. స్టోర్‌కీపర్ జీతంలోంచి రాబట్టాలని నోట్ రాసింది నేనే. "దొంగతనం చేయలేదు సార్" అన్నాడు. అందరూ అనే మాటే కదా అనుకున్నాను. మా సీనియర్ ఒకాయన రెండు కాగితాల మీది వేళలు చూపించారు. దించుకున్నప్పుడు కొలిచింది మండుటెండలో, మళ్ళీ కొలిచింది తెల్లవారుజామున. పది డిగ్రీలు చల్లబడితే పెట్రోలు నూటికి దాదాపు ఒక వంతు కుంచించుకుపోతుంది. దొంగ ఉష్ణోగ్రత! నా నోట్ చించేశాను. ఆ సీనియర్ ఆ రోజు సెలవులో ఉండి ఉంటే?

మ్యూనిక్ పాఠం వృథా పోలేదు. ఈనాడు టేకాఫ్ లెక్కలో రన్‌వే పొడిగా ఉందా, తడిగా ఉందా, 3 మిల్లీమీటర్లకు మించి నీరో స్లషో నిలిచి ఉందా అన్నది ముందే చూస్తారు. దాన్నిబట్టి నిర్ణయ వేగాన్ని తగ్గిస్తారు. అవసరమైతే బరువూ తగ్గిస్తారు. వేగం మరీ ఎక్కువైతే టైరు నీటిమీద తేలిపోయి బ్రేకులు పట్టవు. దానికి నాసా శాస్త్రజ్ఞులు 1960ల్లో ఒక తేలిక సూత్రం ఇచ్చారు. టైరు గాలి పీడనం చదరపు అంగుళానికి 100 పౌండ్లుంటే, దాని వర్గమూలం పదిని తొమ్మిదితో హెచ్చవేయాలి. 90 నాట్లు. మంచు చూడని మన ఊళ్ళలో కూడా వానాకాలం విమానాలకు ఈ లెక్క కావాల్సిందే.

2021 నవంబరు 4 నుంచి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కొత్త పద్ధతి అమలైంది. రన్‌వేను మూడు భాగాలు చేసి, ఒక్కొక్క దానికి 6 నుంచి 0 వరకు విడివిడిగా అంకె ఇస్తారు. 6 అంటే పొడి. మూడో భాగానికి ప్రత్యేకంగా ఒక అంకె ఉండటం చూసినప్పుడల్లా నాకు మ్యూనిక్ గుర్తొస్తుంది.

మిత్రుడికి ఇదంతా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మూడు అచ్చిరానిది నిజమేనన్నమాట, రన్‌వే మూడో భాగం!" అని నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఒక్కటి గమనించండి. విధి అన్నా, పైలట్ నిర్లక్ష్యం అన్నా, కొలవకుండా అంటే రెండూ ఒకే పని చేస్తాయి. అక్కడితో వెతకడం ఆపేస్తాయి.