స్థిరరాశులు మారితే: పరామితుల విచరణ పద్ధతి చరిత్ర

అసమఘాత ఏకఘాత అవకలన సమీకరణాల వ్యవస్థను సాధించేటప్పుడు మీరు మొదట సమఘాత వ్యవస్థ సాధనను రాస్తారు. ఆ తరవాత అందులోని స్థిరరాశులను కాలంతో మారే ప్రమేయాలుగా తీసుకొంటారు. స్థిరమని చెప్పినదాన్నే మార్చడమేమిటన్న సందేహం మీకు కలిగే ఉంటుంది. దానికి సమాధానం ఖగోళశాస్త్ర చరిత్రలో ఉంది.

సూర్యుడి చుట్టూ ఒకే ఒక గ్రహం తిరుగుతున్నదనుకోండి. దాని కక్ష్య దీర్ఘవృత్తం. కక్ష్య పరిమాణం, ఆకారం, వాలు, దానిలో గ్రహం ఉన్న చోటు మొదలైనవాటిని 6 స్థిరరాశులు నిర్ణయిస్తాయి. కాని గ్రహాలు ఒకదాన్నొకటి కూడా ఆకర్షిస్తాయి. పాత పరిశీలనలతో పోల్చి చూస్తే గురుగ్రహం వేగం పెరుగుతున్నట్లు, శనిగ్రహం వేగం తగ్గుతున్నట్లు 18వ శతాబ్దపు శాస్త్రజ్ఞులకు కనిపించింది. ఇది ఇలాగే సాగితే సౌరకుటుంబం నిలుస్తుందా అన్నది ఆనాటి పెద్ద ప్రశ్న.

1748లో ఆయిలర్ ఈ రెండు గ్రహాల పరస్పర ప్రభావాన్ని పరిశీలిస్తూ, కక్ష్యను నిర్ణయించే రాశులు మెల్లగా మారతాయన్న ఆలోచనకు బాట వేశాడు. లగ్రాంజ్ 1766లో దీన్ని ఉపయోగించి, తరవాతి దశాబ్దాల్లో పెంపొందించి, 1808–1810 మధ్య తుదిరూపం ఇచ్చాడు. ఈలోగా 1785లో లాప్లాస్ అసలు కారణం చూపాడు: గురుడి 5 ప్రదక్షిణల కాలం, శని 2 ప్రదక్షిణల కాలం దాదాపు సమానం. అందువల్ల కలిగే మార్పు సుమారు 900 సంవత్సరాల ఆవర్తనంతో పెరిగి తగ్గేదే కాని, ఒకే దిశలో సాగేది కాదు.

ఇప్పుడు మీ పాఠానికి వద్దాం. ఒక ప్రమేయం, దాని రెండో అవకలజాల మొత్తం ఇచ్చిన బలానికి సమానమనుకోండి. బలం లేనప్పుడు సాధన 'క' రెట్లు కొసైన్, 'ఖ' రెట్లు సైన్‌ల మొత్తం. క, ఖలను మారనిచ్చినప్పుడు, 'క' అవకలజం రెట్లు కొసైన్, 'ఖ' అవకలజం రెట్లు సైన్‌ల మొత్తం సున్న అని పుస్తకాలు ఒక నియమం పెడతాయి. చాలామంది దీన్ని కారణం తెలియకుండానే కంఠస్థం చేస్తారు. ఖగోళంలో దీని అర్థం స్పష్టం: ప్రతి క్షణంలోనూ గ్రహం స్థానమే కాక వేగం కూడా ఆ క్షణపు దీర్ఘవృత్తంతో ఏకీభవించాలి. బలం వేగాన్ని మారుస్తుంది. స్థానాన్ని ఒక్కసారిగా జరపదు.

అదే సమీకరణాన్ని స్థానం, వేగం అనే రెండు తెలియని ప్రమేయాల వ్యవస్థగా రాస్తే, ఈ నియమాన్ని విడిగా పెట్టవలసిన పనే లేదు. మొదటి వరుసలో బలం లేదు కాబట్టి అది తనంతట తానే వస్తుంది. రెండో వరుస నుంచి మిగిలిన సమీకరణం లభిస్తుంది. 'మాత్రిక' అన్న పేరును సిల్వెస్టర్ 1850లో పెట్టాడు. అప్పటికి లగ్రాంజ్ మరణించి 37 ఏళ్ళు. మీరు నేడు ప్రాథమిక మాత్రిక విలోమంతో ఒక్క వరుసలో రాసేదాన్ని ఆయన విడివిడి సమీకరణాలుగా సాధించాడు.

పై ఉదాహరణలో బలాన్ని 1గా తీసుకొని మీరే సాధించండి. 'క' అవకలజం రుణ సైన్, 'ఖ' అవకలజం కొసైన్ అవుతాయి. సమాకలనం చేస్తే 'క' కొసైన్, 'ఖ' సైన్. ప్రత్యేక సాధన కొసైన్ వర్గం, సైన్ వర్గాల మొత్తం, అంటే 1. దాన్ని సమీకరణంలో ప్రతిక్షేపించి సరిచూసుకోండి.