కమ్యూనిటీ కళాశాలల్లో వ్యవస్థాపకత బోధన

వ్యాపారం చేసినవారే వ్యాపారం నేర్పాలన్న ఆలోచనకు మన ఉన్నత విద్యారంగంలో 2022లో నియమావళి ఏర్పడింది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ప్రవేశపెట్టిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ విధానం ప్రకారం, కనీసం 15 ఏళ్ల అనుభవమున్న నిపుణులను విద్యాసంస్థలు పూర్తికాలానికి గానీ పాక్షిక కాలానికి గానీ నియమించుకోవచ్చు. పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. మంజూరైన పోస్టుల్లో వీరు 10 శాతానికి మించరాదు.

కమ్యూనిటీ కళాశాలల్లో ఇటువంటివారి అవసరం ఎక్కువ. 2013-14లో మొదలైన యూజీసీ పథకం కింద ఇవి మామూలు కళాశాలల్లోనే నడుస్తూ, స్థానిక పరిశ్రమల తోడ్పాటుతో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు అందిస్తాయి. అరువిచ్చిన సరుకు సొమ్ము చేతికి రాకముందే అద్దె, జీతాలు ఎలా చెల్లించాలన్నది ఇక్కడి విద్యార్థికి ఎదురయ్యే తొలి ప్రశ్న. లెక్కల్లో లాభమున్నా డబ్బాడక మూతపడే దుకాణం సంగతి అనుభవజ్ఞుడే బాగా చెప్పగలడు.

వ్యవస్థాపకత నేర్పితే వచ్చేదేనా అన్న సందేహం పాతదే. 1960వ దశకంలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో స్వల్పకాలిక తరగతులు నిర్వహించింది. ఆ తర్వాత వారు కొత్త పనులకు మరింత చురుగ్గా పూనుకున్నారని నివేదించింది. వారు అప్పటికే వ్యాపారులన్నది మరవరాదు. కమ్యూనిటీ కళాశాల విద్యార్థికి ఆ పునాది ఉండదు.

పాక్షిక కాల బోధకుల పారితోషికం పరస్పర అంగీకారంపై ఆధారపడుతుంది. గంటల లెక్కన చెల్లించేచోట ప్రాజెక్టు నివేదిక దిద్దిపెట్టడం, బ్యాంకు రుణ దరఖాస్తు చూసిపెట్టడం వంటి తరగతి వెలుపలి పని ఆ లెక్కలోకి రాదు.