కిటికీ తెర
కిటికీ తెర అనగా ఎండను, బయటివారి చూపును అడ్డుకొనుటకు కిటికీకి అమర్చే తెర. పైకి చుట్టుటకు లేదా మడుచుటకు వీలుగా దీనిని వెదురు పుల్లలతో, గుడ్డతో లేదా అల్యూమినియం పట్టీలతో చేస్తారు. ఆంగ్లంలో బ్లైండ్ అంటారు.

గోడ మందంలో, చట్రం లోపల బిగించిన తెర పొందికగా కనిపిస్తుంది. అయితే తలుపులు లోపలికి తెరుచుకొనే కిటికీకి ఇది కుదరదు. వెడల్పును పైన, మధ్యన, క్రింద కొలిచి అన్నిటికంటే తక్కువ కొలతను తీసుకోవాలి. గోడపై బిగించే తెర కిటికీకంటే ఇరువైపులా కొంత వెడల్పుగా ఉండాలి, లేనిచో ప్రక్కలనుండి వెలుతురు వస్తుంది.

వేడిని ఆపుటలో ఈ రెండు పద్ధతులూ కిటికీ వెలుపల కట్టిన తెరకు సాటిరావు. లోపలి తెరకు తగిలే ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చినది కనుక, ఆ వేడిలో చాలాభాగం గదిలోనే ఉండిపోతుంది. వేసవిలో వెలుపల కట్టి తడిపే వట్టివేళ్ళ తడికలు ఎండను ఆపడమే కాక, నీరు ఆవిరగుట వలన గాలిని కూడా చల్లబరుస్తాయి. ఉక్కపోసే సముద్రతీరంలో మాత్రం ఈ చల్లదనం అంతగా ఉండదు.

వ్రేలాడే త్రాళ్ళు మెడకు చుట్టుకొని పసిపిల్లలు మరణించిన సంఘటనలు ఉన్నాయి. అందువలన అమెరికాలో, దుకాణాలలో సిద్ధంగా అమ్మే తెరలకు చేతికందే పొడవైన త్రాళ్ళు ఉండరాదనే పరిశ్రమ ప్రమాణం 2018 డిసెంబరులో అమలులోకి వచ్చింది. త్రాడు ఉన్న తెరనే వాడవలసివస్తే దానిని పిల్లలకు అందని ఎత్తున కొక్కేనికి చుట్టి ఉంచాలి. మంచం, ఊయల ఆ కిటికీ దగ్గర ఉంచరాదు.