విటమిన్ ఇ రూపాల జీవశక్తి
అనంతగిరి, అరకు కొండవాలుల్లో పసుపుపచ్చగా పూసే వలిసెల నూనెలోని విటమిన్ ఇలో సింహభాగం ఆల్ఫా టోకోఫెరాల్; నువ్వుల నూనెలో గామాదే పైచేయి. అందుకే మొత్తం టోకోఫెరాళ్లను కూడి ఈ రెండింటినీ సరిపోల్చడం తప్పు. కాలేయంలోని రవాణా ప్రోటీన్ ఆల్ఫానే ఏరి రక్తంలోకి పంపుతుంది. గామాలో ఎక్కువ భాగం విచ్ఛిన్నమై బయటికి పోతుంది. విటమిన్ లోపించిన ఎలుకల్లో గర్భం నిలవడాన్ని బట్టి కొలిస్తే గామా శక్తి ఆల్ఫాలో దాదాపు పదో వంతే. సహజ ఆల్ఫా 1 మిల్లీగ్రాముకు 1.49 అంతర్జాతీయ యూనిట్లు, ఎనిమిది త్రిమితీయ రూపాలు కలిసిన కృత్రిమ ఆల్ఫాకు 1.1.

గామా కూడా ఆక్సీకరణను అడ్డుకుంటుంది కదా అనవచ్చు. నిజమే, పరీక్షనాళికలో నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టడంలో అదే మెరుగు. కానీ లోపాన్ని పోగొట్టే శక్తి వేరు. అయితే నువ్వుల్లోని లిగ్నాన్లనే పదార్థాలు గామా విచ్ఛిన్నాన్ని నెమ్మదింపజేస్తాయి కనుక, పదో వంతు అన్న అంకెను నువ్వుల నూనెకు యథాతథంగా అంటగట్టకూడదు.