గంప కింది కోడి

పొద్దుగూకే వేళ మర్రిగూడ చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కడ నిలబడ్డా ఒక దృశ్యం కనబడుతుంది. ఇల్లాలు నోటితో ఓ చిత్రమైన చప్పుడు చేస్తూ గుప్పెడు నూకలు వాకిట్లో చల్లుతుంది. పెంటకుప్ప దగ్గర్నుంచీ, కంచె చాటునుంచీ కోళ్లు పరుగెత్తుకొస్తాయి. వాటిని లెక్కపెట్టుకుని, గంప కింద కమ్మి, పైన ఓ రాయి పెడుతుంది. పిల్లికి భయపడి పెట్టే రాయి అది. కాని ఒకప్పుడు ఆ కోడికి పిల్లిని మించిన భయాలు వుండేవి. ఆ సంగతే చెప్పబోతున్నాను.

ముందు ఆ కోడి ఎవరి సొమ్మో చూద్దాం. నల్లగొండ జిల్లాలో ఈ మూల అంతా మెట్ట. ఎర్ర చెలకలు, గుట్టలు, జొన్న, కంది, ఆముదం. బావినీళ్లలో ఫ్లోరైడు వల్ల మర్రిగూడ పేరు పత్రికలకెక్కింది గాని, మంచి మాటకు ఎక్కింది తక్కువ. ఇలాంటిచోట చెలకలో పండిందేదో మగవాడి లెక్కలోకి పోతుంది. కోడి మాత్రం ఆడదాని లెక్క. పుస్తెలు కుదువ పెట్టాలంటే పెనిమిటిని అడగాలి, పుంజును అమ్మాలంటే అడగనక్కర్లేదు. పెట్టలను గుడ్లకూ పిల్లలకూ వుంచుకుని, ఎదిగిన పుంజుల్ని మాంసానికి అమ్మడం రివాజు. ఆ డబ్బే పిల్లకు పలక, తనకు గాజులు, జ్వరమొస్తే మందు. ఆ పక్కనుంచి మా ఇంటికి కూరలు తెచ్చే అవ్వ నొకసారి అడిగాను, "అమ్మితే ఆయన ఏమీ అనడా?" అని. "కోడి నాది, పైసలు నాయి బిడ్డా. గాయన్నడిగేదేమున్నది?" అంది. మన ఇళ్లల్లో పోపుడబ్బాలో దాచుకునే రూపాయలు లేవూ, అలాంటివన్నమాట!

అసలు పెట్టే లేనివాళ్ల మాటేమిటంటారా? దానికీ ఓ ఏర్పాటుంది. వున్నామె తన పెట్టను లేనామెకు 'పాలు'కిస్తుంది. పెంచిన పిల్లల్లో సగం ఈమెవి, సగం ఆమెవి. కాగితం లేదు, సాక్షి లేడు.

పొదుగు వేయడం మరీ ముచ్చటైన పని. గంపలో ఇసుకో ఊకో పోసి పదీ పన్నెండు గుడ్లు పేర్చి, పక్కనే బొగ్గుముక్కా, ఎండు మిరపకాయా, ఇనుపముక్కా పెడతారు, ఉరుముకు గుడ్లు చెడకుండా వుండాలని. నమ్మకం ఎలా వున్నా ఇరవై ఒక్క రోజులకు పిల్లలు కిచకిచమంటాయి. వాటి మేతకు పాత కుండలో పేడా, చివికిన గోనెగుడ్డా తడిపి కుక్కి సాయంత్రం చెదల నేలమీద బోర్లిస్తారు. తెల్లారేసరికి కుండ నిండా చెదలు. పిల్లలకు పండగే!

పొదుగు మాట వచ్చింది కనుక బాతుల్ని కూడా తలచుకోవాలి. పెంపుడు బాతుల్లో చాలావాటికి పొదిగే ఓపిక వుండదు. ఆ గుడ్లు కోడి కిందే పెడతారు. ఇరవై ఒక్క రోజులకు బదులు ఇరవై ఎనిమిది రోజులు పాపం కోడే కూచుంటుంది. తీరా పిల్లలు నీళ్లలోకి దిగి ఈదుతుంటే గట్టుమీద ఆ పెంపుడుతల్లి పడే గాభరా చూసి తీరాలి. అయితే మర్రిగూడలో బాతులకు పనిలేదు, చెరువు నిండే ఏడు నిండుతుంది, లేని ఏడు లేదు. అదే జిల్లాలో మిర్యాలగూడ వైపు కథ వేరు. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి వచ్చింది. కోతలయ్యాక రాలిన గింజలకూ నత్తలకూ బాతుల మందలు పొలాల్లో దిగుతాయి. మన తెలుగిళ్లల్లో బాతుకూర అరుదు, దాని గిరాకీ అంతా కేరళలో.

మళ్లీ గంప దగ్గరికి వద్దాం. పిల్లిని మించిన భయమన్నానే, అది వెట్టి. నిజాం కాలంలో గిర్దావరో తాసీల్దారో ఊళ్లో దిగాడంటే కోళ్లు, గుడ్లు, మేకలు, నెయ్యి ఊరివాళ్లు ఉత్తపుణ్యానికి ఇచ్చుకోవాలి. దొర ఇంట్లో పెళ్లయినా అంతే. ఎవరింట ఎన్ని కోళ్లున్నాయో ఊళ్లోవాడికి తెలియనిదేముంది? గంప ఎత్తడమే. మగవాడి కష్టం వెట్టికి పోతే, ఆడదాని పోపుడబ్బా కూడా వెట్టికే పోయిందన్నమాట. నిషేధిస్తూ ఫర్మానాలు వచ్చినా అవి కాగితం మీదే నిలిచాయి.

1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జనసంఘం వెట్టిని గురించి చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగితే, మరుసటి ఏడు రెండో సభ ఈ మర్రిగూడ పక్కనున్న దేవరకొండలోనే, బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన జరిగింది. వాటితోబాటు మహిళాసభలూ జరిగేవి. ఆ తర్వాత 1946 నుంచి 51 దాకా సాగిన రైతాంగ పోరాటం నల్లగొండను కుదిపేసింది. ఆ చరిత్రల్లో భూమికీ, ధాన్యానికీ పేజీలకు పేజీలున్నాయి. కోడికి మహా అయితే ఓ వాక్యం. రాసినవాళ్లెవరూ గంప కమ్మినవాళ్లు కారు మరి!

దొర భయం పోయినా తెగులు భయం పోలేదు. ఎండాకాలంలో కొక్కెర తెగులు తగిలితే వారం తిరక్కుండా ఊరు ఊరంతా కోళ్లు నేలరాలతాయి. హిమాలయాల్లోని రాణిఖేత్ పేరు పెట్టారు దానికి, మన దేశంలో అక్కడే గుర్తుపట్టారు గనుక. టీకా వచ్చి చాలాకాలమైంది. కాని ఐదారు కోళ్లున్న ఇంటికి టీకా చేరడమే కష్టం.

ఈలోగా పట్నం పక్కన మరో కోడి తయారైంది. 1971లో బి.వి. రావుగారు హైదరాబాదులో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. రేకుల షెడ్లలో వేలకువేల కోళ్లు పెరగసాగాయి, ఆరేడు వారాలకే కూరకు సిద్ధం. చిత్రమేమిటంటే పాత బాధ ఫారాల్నీ వదల్లేదు. ఊరి కోడిని అధికారి ధర లేకుండా పట్టుకుపోతే, ఫారం గుడ్డును వ్యాపారి తన ధరకు పట్టుకుపోయేవాడు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం పెట్టుకుని రైతులే గుడ్డు ధర ప్రకటించడం మొదలెట్టారు. అందులోనూ రావుగారే ముందున్నారు. అయితే ఈ లెక్కల్లో మన గంప ఇల్లాలు ఎక్కడా లేదు. షెడ్డు కట్టాలంటే అప్పు కావాలి, అప్పుకు పట్టా కావాలి, పట్టా మగవాడి పేర వుంటుంది!

ఆమెను తలచుకున్నవాళ్లూ లేకపోలేదు. 1988లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధనకు కేంద్ర సంస్థ ఏర్పడింది. పెరటి పెంపకానికని అక్కడ తయారుచేసినవే వనరాజా, గ్రామప్రియ. రంగురంగుల ఈకలతో చూడ్డానికి ఊరికోడిలాగే వుంటాయి. మాంసానికి వనరాజా పుంజు త్వరగా బరువెక్కుతుంది. మొదటి ఆరు వారాలు వెచ్చగా సాకి, ఆ తర్వాత వాకిట్లోకి వదిలితే సరి. ఒక్కటే చిక్కు, పెట్ట పొదుగు కూచోదు. పిల్లలు కావాలంటే ప్రతిసారీ కొనుక్కోవలసిందే. అందుకే తెలిసిన ఇల్లాలు పాత నాటుపెట్టను మాత్రం వదులుకోదు.

ఇవాళ ఆదివారంపూట హైదరాబాదునుంచి కార్లలో వచ్చి "నాటుకోడి వుందా అమ్మా?" అని అడిగేవాళ్లున్నారు. షెడ్డుకోడికన్నా ఎక్కువే ధర చెబుతుంది ఆమె. బేరమాడితే గంప మీది రాయి తియ్యదు.