లేపి నిలబెట్టే చేతులు

ఇప్పుడు అందరూ నిమ్స్ అంటున్న హైదరాబాద్ పంజాగుట్ట ఆసుపత్రిని మా అమ్మ ఈనాటికీ బొక్కల దవాఖాన అనే అంటుంది. ఆమె లెక్క సరైనదే. గుండె, మెదడు, మూత్రపిండాల విభాగాలన్నీ అక్కడికి తర్వాత వచ్చి చేరినవే. 1960ల్లో నిజాం చారిటబుల్ ట్రస్టు సొమ్ముతో వెలిసినప్పుడు దాని పేరు నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్. మూసీ ఒడ్డున ఉస్మానియా అంత పెద్ద ఆసుపత్రి ఉండగా ఊరికి ఈ కొసన ఎముకల కోసమే మరొకటి ఎందుకని ఈ కాలం వాళ్లు అడగొచ్చు. అప్పట్లో పోలియో సోకిన పిల్లలు లేని గల్లీ లేదు. సంజీవరెడ్డి నగర్‌లో మా బడికి ఇనుప పట్టీల కాళ్లతో వచ్చే పిల్లలు ఉండేవాళ్లు. మెట్ల మీద ఆ చప్పుడు వినగానే టీచరమ్మ పాఠం ఆపి, వాళ్లు వచ్చి కూర్చునేదాకా ఆగేది. ముసలివాళ్ల మాట వేరు. డెబ్బై దాటాక తుంటి విరిగితే ఆసుపత్రికి పోవాలన్న ఆలోచనే చాలా ఇళ్లల్లో వచ్చేది కాదు.

మా నాయనమ్మకూ అంతే అయింది. జనగామ దగ్గరి పల్లెలో పశువుల కొట్టం గడప తట్టుకుని పడింది. ఎడమ కాలు పొట్టిదై, పాదం బయటికి తిరిగిపోయింది. ఎక్స్‌రే కంటే ముందే డాక్టర్లు చూసి అనుమానించే గుర్తులు ఆ రెండూ. మా ఇంట్లో ఎవరికి తెలుసు? పక్క ఊరి నుంచి కట్లు కట్టే ఆయన వచ్చాడు. వెదురు దబ్బలు, కోడిగుడ్డు తెల్లసొన, ఏదో ఆకు పసరు, పాత ధోవతి పేలికలు. కట్టు కట్టి, కల్లు తాగి, బియ్యం పట్టించుకుని పోయాడు.

ఆ విద్యను నేను తక్కువ చేయను. ఉమ్మడి చిత్తూరు జిల్లా పుత్తూరు దగ్గరి రాచపాళెంలో ఒక రాజుల కుటుంబం పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి తరతరాలుగా ఆ పని చేస్తోంది. పుత్తూరు కట్టు అన్న బోర్డు లేని పట్నం తెలుగు నేల మీద అరుదు. హైదరాబాద్ పాతబస్తీలో ఆ పని పహిల్వాన్లది. అఖాడాలో జారిన భుజాన్ని సర్దడం నేర్చినవాడి దగ్గరికి సైకిల్ మీంచి పడ్డవాళ్లూ వెళ్లేవాళ్లు. మణికట్టు, ముంజేయి లాంటి చోట ఎముక పైకే తగులుతుంది, రెండు వైపులా దబ్బ పెట్టి బిగిస్తే కదలకుండా నిలుస్తుంది, కాలం గడిస్తే అతుకుతుంది. తుంటి అలా లొంగదు. అది కండల లోపల ఎక్కడో ఉంటుంది. బలమైన తొడ కండరాలు విరిగిన ముక్కను పైకి లాగేస్తాయి. పైగా తొడ ఎముక తలకు రక్తం ఎక్కువగా మెడ వెంబడే పైకి ఎక్కుతుంది. మెడ విరిగితే ఆ రక్తనాళాలూ తెగుతాయి, తల ఎండిపోతుంది. డచ్చి సైనిక వైద్యుడు మాతీసెన్ 1850ల్లో తెచ్చిన ప్లాస్టర్ పట్టీ కట్టు కూడా ఇక్కడ పనికిరాలేదు. కాలికి బరువులు వేలాడదీసి, మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి, వారాల తరబడి పడుకోబెట్టడమే పెద్దాసుపత్రుల్లోనూ జరిగింది.

నాయనమ్మకు నులక మంచం మధ్యలో నులక తప్పించి, కింద బొగ్గుల బూడిద పోసిన గంప పెట్టారు. ఇద్దరు కోడళ్లు వంతులు వేసుకున్నారు, అందులో మా అమ్మ ఒకతి. ఒత్తిగిలించడం, కడగడం, వీపు పుండ్లకు కొబ్బరినూనె, వేపాకు నీళ్లు. మా నాన్న, బాబాయి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వచ్చి మంచం పక్కన నిలబడి, "ఎట్లున్నది అవ్వా?" అని అడిగి పోయేవాళ్లు. విరిగిన ఎముక ఆమెను చంపలేదు. కదలకుండా పడుకోవడంతో రొమ్ములో కఫం చేరి ఊపిరందలేదు. సంక్రాంతికి పడ్డ మనిషి ఉగాది చూడలేదు.

ఆ పాటికే లోకంలో మరో దారి తెరుచుకుని చాలా కాలమైంది. బోస్టన్ సర్జన్ స్మిత్ పీటర్సన్ విరిగిన తొడ ఎముక మెడలోకి మూడు రెక్కల మేకు దిగ్గొట్టే పద్ధతిని 1931లో ప్రకటించాడు. 1940లో దక్షిణ కరోలినాలో ఆస్టిన్ మూర్ తొడ ఎముక పైభాగాన్నే లోహంతో చేయించి ఒక రోగికి అమర్చాడు. తర్వాత ఆయన మెరుగుపరచిన గుండు, కాడ ఉన్న పరికరం మన దేశంలో దశాబ్దాల పాటు వేలాది ముసలివాళ్ల తుంటిలోకి వెళ్లింది. మన జనం నోట అది ఒట్టి 'బాల్'. "మా మామకు బాల్ వేసిన్రు" అంటే అందరికీ అర్థమవుతుంది.

పంజాగుట్ట ఆసుపత్రి ఎదగడం కూడా బాల్ వేసే ఆ రోజుల్లోనే. 1983లో ముఖ్యమంత్రి అయిన ఎన్టీ రామారావు, న్యూయార్క్‌లో పనిచేస్తున్న కాకర్ల సుబ్బారావును పిలిపించి నిమ్స్ డైరెక్టర్‌ను చేశాడు. సుబ్బారావు రేడియాలజిస్టు, కృష్ణా జిల్లా పెదముత్తేవి మనిషి. 1989లో శాసనసభ చట్టంతో నిమ్స్‌కు విశ్వవిద్యాలయం హోదా వచ్చింది. నాకు ఇంతకంటే ఇష్టమైన కథ ఒకటుంది. అబ్దుల్ కలాం హైదరాబాద్ రక్షణ ప్రయోగశాలలో క్షిపణుల పనిలో ఉన్నప్పుడు నిమ్స్ ఎముకల డాక్టరొకరు అక్కడికి వెళ్లారట. అగ్ని క్షిపణి కోసం తయారు చేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, కలాంను వెంటబెట్టుకుని తన వార్డుకు తీసుకొచ్చారు. మూడు కిలోలకు పైబడిన పట్టీలు ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. కొద్ది వారాల్లో మూడు వందల గ్రాముల పట్టీలు తయారయ్యాయి. కలాం ఆ సంగతిని ఎన్నో సభల్లో చెప్పారు. 2014 మార్చిలో మన దేశం పోలియో లేని దేశంగా ధ్రువపత్రం పొందింది. ఇనుప పట్టీల చప్పుడు బళ్లలో ఆగిపోయింది. ఇప్పుడు పంజాగుట్ట సర్జికల్ షాపుల ముందు వేలాడేవి వాకర్లు, కమోడ్ కుర్చీలు, గాలి పరుపులు. ఎముకల వైద్యం పిల్లల నుంచి ముసలివాళ్ల వైపు ఎలా జరిగిందో ఆ షాపుల ముందు నిలబడితే చాలు, తెలుస్తుంది.

మా అమ్మ డెబ్బై తొమ్మిదో ఏట బాత్రూంలో జారినప్పుడు పాదం బయటికి తిరిగి ఉండటం చూసి ఆమే అంది, "మీ నాయనమ్మ లెక్కనే అయింది." ఆస్పత్రిలో చేర్చి బాల్ వేయించాం. ఇప్పటి పద్ధతిలో ఆపరేషన్ వీలైతే రెండు రోజుల్లోపే చేస్తారు, మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెడతారు. నాయనమ్మను చంపిన పడకను డాక్టర్లు ఇప్పుడు శత్రువులా చూస్తారు. వారం తిరగకుండా ఇంటికి పంపేశారు కూడా. గంటన్నరలో సర్జన్ పని అయిపోయింది. ఆ తర్వాతి నెలల పని ఎవరిదో డిశ్చార్జి కాగితంలో ఎక్కడా రాయలేదు.

నేను కోడలిని కాను, కూతురిని. బ్యాంకు ఉద్యోగం, నడుం నొప్పి రెండూ ఉన్నదాన్ని. తమ్ముడు డాలస్‌లో. ఇక్కడ మా అమీర్‌పేట చరిత్ర కొంచెం చెప్పాలి. 1949లో మొదలైన ప్రకృతి చికిత్సాలయం ఉంది కాబట్టి, మట్టిపట్టీలకూ ఆవిరి స్నానాలకూ ఈ పేటకు పాత పేరే ఉంది. ప్రపంచానికి తెలిసిన కంప్యూటర్ కోర్సుల అమీర్‌పేట మాత్రం మైత్రీవనం భవనాల చుట్టూ పుట్టింది. 1990ల చివర్లో రెండు వేల సంవత్సరం కంప్యూటర్ తేదీల సమస్య కోసం అమెరికాకు మెయిన్‌ఫ్రేమ్ తెలిసిన మనుషులు కావలసి వచ్చారు. మా తమ్ముడు అలా ఒక ఇరుకు గదిలో కోర్సు చేసి 1999లో విమానమెక్కాడు. ఈ గల్లీలు అలా ఎంతమంది పిల్లలను పంపాయో! వాళ్ల తల్లిదండ్రులు ఇక్కడే ముసలివాళ్లయ్యారు. ఇప్పుడు అవే భవనాల మెట్ల దగ్గర పైథాన్, డేటా సైన్స్ బోర్డుల సందులో 'పేషెంట్ కేర్, ఆయాలు, పన్నెండు గంటలు, ఇరవై నాలుగు గంటలు' అన్న చిన్న బోర్డులు. పిల్లలను పంపే వ్యాపారం పక్కనే, పిల్లలు వదిలిన పనికి మనుషులను పంపే వ్యాపారం. ఇందులో వెటకారం ఉందని కొందరంటారు. నాకు మాత్రం ఒకే ఇంటి జమాఖర్చులా కనిపిస్తుంది.

అలాంటి ఒక బ్యూరో మా అమ్మ కోసం పంపిన ఆమెది మహబూబాబాద్ దగ్గరి ఊరు. పత్తి రెండేళ్లు వరసగా పోయాక పట్నం వచ్చిందట. నర్సింగు చదవలేదు. చూసి నేర్చుకుంది, నేర్చుకున్నదాన్ని తడబడకుండా చెబుతుంది. మోకాళ్ల మధ్య దిండు లేకుండా పక్కకు తిప్పకూడదు. కాలు మీద కాలు వేయకూడదు. పీటలు, తక్కువ ఎత్తు కుర్చీలు బంద్. కమోడ్ మీద ఎత్తు సీటు పెట్టించింది, గడప దగ్గరి పాత పట్టాలు తీసేయించింది, రాత్రి బాత్రూం దీపం ఆర్పనివ్వలేదు. చెయ్యి పట్టి లాగి లేపడం ఆమెకు అస్సలు నచ్చదు.

"అవ్వా, వాకర్ పట్టుకుని లేవకు, అది నీ మీదకే వస్తది. కుర్చీ చేతులు నొక్కి లే. లేచినంక పట్టుకో."

"నువ్వు పట్టుకో బిడ్డా, నాకు భయమైతుంది."

"పట్టుకోను. పక్కనే ఉంట."

ఫిజియో కుర్రాడు వారానికి కొన్నిసార్లు వచ్చి మడమ ఎత్తించి, మోకాలు వంచి పోయేవాడు. మిగతా గంటలన్నీ ఆమెవే. మా ఇంటి ముందు నాలుగు మెట్లున్నాయి. "మంచి కాలు పైకి, దెబ్బ కాలు కిందికి" అని పలకమనేది. అంటే ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు దెబ్బ తిన్న కాలు. అమ్మ ఒకటో తరగతి పిల్లలా వల్లె వేస్తూ ఎక్కేది, మధ్యలో మరిచిపోతే ఆగి నా వైపు కోపంగా చూసేది. డాలస్ నుంచి తమ్ముడు వీడియోలో చూస్తూ, "అమ్మా, ఇంకో రౌండ్" అనేవాడు. "నువ్వొచ్చి కొట్టు రౌండు" అనేది అమ్మ.

స్మిత్ పీటర్సన్ పేరు పుస్తకాల్లో ఉంది, మూర్ పేరు పరికరానికే ఉంది, నిజాం పేరు గేటు మీద ఉంది. మంచాన పడ్డవాళ్లను వందల ఏళ్లుగా ఒత్తిగిలించిన కోడళ్లకు ఏ గేటూ లేదు. వాళ్ల పని ఇప్పుడు జీతం ఉన్న పని అయింది, అది మంచిదే. ఆ జీతంలో బ్యూరో వాటా పోను ఆమె చేతికి అందేది చూస్తే మాత్రం, లోకం ఈ పనిని ఇంకా కోడలి పనిగానే లెక్క కడుతోందని తెలుస్తుంది. నేను పైన కొంత కలిపి ఇచ్చేదాన్ని. అది న్యాయమేమీ కాదు, నా సర్దుబాటు.

వానలు మొదలయ్యాక ఒక రోజు ఆమె ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అక్కా, మా అత్త పొలం గట్టు మీద పడ్డది." ఫోటోలో పొట్టిదైన కాలు, బయటికి తిరిగిన పాదం, దాని మీద అప్పుడే కట్టిన వెదురు దబ్బల కట్టు. "నెల్లాళ్లు కదలొద్దన్నడట" అంది. నేను చెప్పబోయేంతలో ఆమే మొగుడికి ఫోన్ కలిపి, "ఆ కట్టు ఇప్పు. 108కి కొట్టు. ఎక్స్‌రే తీపియ్యి" అని అరిచింది. 108 మొదలైంది కూడా ఈ ఊళ్లోనే, 2005 ఆగస్టు 15న. సాయంత్రానికి ఆ ముసలమ్మ వరంగల్ ఎంజీఎంలో ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు ఎవరి పెట్టెలో ఉందో వెతకడానికి మరో పూట పట్టింది.

బ్యూరో వాళ్లు ఆమె బదులు ఇంకొకరిని పంపారు. కొత్తామె మంచిదే, కానీ అమ్మ ఆమెను పేరు పెట్టి పిలవడానికి చాలా రోజులు తీసుకుంది. పాతామె ఇప్పుడు ఊళ్లో అదే పని జీతం లేకుండా చేస్తోంది. పంజాగుట్టలో మేం కొనిచ్చిన వాకర్ బస్సు మీద వెళ్లింది. మొన్న ఫోన్ చేస్తే అత్త అరుగు దిగుతోందని చెప్పింది. "ఒక్కదానివే లేపుతున్నవా?" అని అడిగాను.

"నేనెందుకు లేపుత అక్కా? మా ఆయనతోని లేపిస్తున్న. మంచి కాలు పైకి అని ఆయనకే నేర్పుతున్న. పొద్దున రెండుసార్లు తప్పు చెప్పిండు."